డిగ్రీ చదువు – పెట్టిన ఖర్చుకు ఫలమెంత?

(సున్నిపెంటలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీగారు నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు నేను వద్దన్నాను. నేను లెక్చరర్‌ను కాను, మౌల్వీ సాహెబ్‌ను అంతకన్నా కాను. ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ చదివి, ఇక్కడి కుడిగట్టు పవర్‌హౌస్‌లో పనిచేసి, 2016లో రిటైరయిన మనిషిని. చదువు గురించి చదువుకున్నవాళ్లు చెప్తేనే బాగుంటుంది అన్నాను. దానికాయన, "చాచా, చదువుకున్నవాళ్లు చెప్పింది చాలా విన్నాం. చదువుకు డబ్బు కట్టినవాళ్లు ఒకరు చెప్పండి" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకని మీ ముందు నిలబడ్డాను. తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోండి.

కార్యవర్గ సమావేశంలో మన విద్యానిధి గురించి చర్చ వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒక తమ్ముడు లేచి, "డిగ్రీలు, బి.టెక్.లు చదివినవాళ్లు హైదరాబాదులో తిండి పొట్లాలు బండి మీద మోస్తున్నారు. మనం పోగుచేసిన డబ్బు ఆ కాగితాలకు పోయడం దేనికి? పిల్లలకు పనిముట్లు కొనిద్దాం, కుట్టుమిషన్లు కొనిద్దాం" అన్నాడు. దానికి ఒక ఆపా, "మీ ఇళ్లలో డిగ్రీలు వున్నాయి కాబట్టి వద్దంటున్నారు. మా ఇంట్లో ఇంతవరకు ఒక్కటీ లేదు. ఒక్కటి రానివ్వండి, తర్వాత వద్దందురు" అన్నది. ఇద్దరూ కడుపు మండి మాట్లాడినవాళ్లే. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరి మాట ఎంతవరకు నిజమో చూడడమే నా పని.

డిగ్రీ దండగ అనేవారి మాట

ముందు ఆ తమ్ముడి పక్షాన మాట్లాడతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో మన దేశంలో ఉపాధి గురించి ఒక నివేదిక తెచ్చాయి. 2022 లెక్కల ప్రకారం, చదవడం రాయడం రాని యువకులలో నిరుద్యోగులు నూటికి 3.4 మంది. డిగ్రీ, ఆపైన చదివిన యువకులలో నూటికి 29.1 మంది. అంటే చదువు పెరిగినకొద్దీ పని లేకుండా కూర్చున్నవాళ్లు పెరిగారు. ఇది చూసి ఎవరైనా "చదువు దండగ" అంటే తప్పుపట్టలేం.

ఇక మన చుట్టూ చూడండి. ఆళ్లగడ్డలో రాతి శిల్పం చెక్కేవాళ్లున్నారు. ఉలి పట్టినవాడు ఏ కాలేజీకి పోయి నేర్చుకోలేదు. పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఆ విగ్రహాల కోసం ఎక్కడెక్కడి నుంచో లారీలు వస్తాయి. బేతంచెర్ల వైపు నాపరాయి పాలిష్ యూనిట్లున్నాయి. నంద్యాలలో ట్రాక్టరు రిపేరు, బోరు మోటార్ల వైండింగు పని వచ్చినవాడికి పంటకాలంలో అన్నం తినే తీరిక వుండదు. గల్ఫుకు పోయేవాడి సంగతి చూసినా, పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ చెక్ అక్కరలేని వర్గంలోకి వస్తాడు. దానికి డిగ్రీతో పనిలేదు. (కనీసం పది అయినా పాస్ కాకుండా పిల్లల్ని మాన్పించేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.)

ఇంకొక లెక్క వుంది. దీన్ని మనమెవ్వరం వేయం. ఫీజు మాత్రమే ఖర్చు అనుకుంటాం. మూడేళ్లు పిల్లవాడు కాలేజీలో వుంటే ఆ మూడేళ్లు వాడు సంపాదించడు గదా! రోజుకు ఆరు వందల కూలి అనుకుందాం, నెలలో ఇరవై రోజులు పని దొరికిందనుకుందాం. నెలకు 12,000. ఏడాదికి 1,44,000. మూడేళ్లకు 4,32,000. ఫీజు ఒక్క రూపాయి లేకపోయినా ఒక బీద కుటుంబం ఆ డిగ్రీ కోసం వదులుకున్నది అంత మొత్తం. కలిగినవాళ్లకు ఈ లెక్క పట్టదు. లేనివాళ్లకు ఇదే అసలు లెక్క.

మరి పెద్దలు ఎందుకు చదవమన్నారు?

ఇప్పుడు ఆపా పక్షాన మాట్లాడతాను.

పైన చెప్పిన 29.1 అన్న అంకెను ఇంకొకసారి చూడండి. ఏ చదువూ లేని బీదవాడు ఖాళీగా కూర్చోలేడు. రాళ్లు కొట్టే పని వున్నా, మట్టి మోసే పని వున్నా పోతాడు. పోకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. కాబట్టి వాడు నిరుద్యోగుల లెక్కలోకి రాడు. అంతమాత్రాన వాడు బాగున్నాడని కాదు. డిగ్రీ చదివినవాడు తన చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు. అమ్మానాన్నా తిండి పెడుతున్నారు కాబట్టి చూడగలుగుతాడు. పరీక్షలు రాస్తూ రెండేళ్లు, మూడేళ్లు గడుపుతాడు. కాబట్టి ఆ అంకె "డిగ్రీ పనికిరాదు" అని చెప్పడం లేదు. "డిగ్రీ తర్వాత కొన్నేళ్లు నిలబడే ఓపిక ఇంట్లో వుందా?" అని అడుగుతున్నది. నెలజీతం, సెలవు, పి.ఎఫ్. వుండే ఉద్యోగాలు ఎక్కువగా చదివినవాళ్లకే దొరుకుతున్నాయన్నదీ కాదనలేం.

మన సముదాయం సంగతి వేరే చెప్పాలి. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ వున్నవాళ్లు నూటికి నలుగురు కూడా లేరని, మొత్తం జనాభాలో ఆ సంఖ్య దాదాపు ఏడు అని ఆ కమిటీ తేల్చింది. మంచి పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే విద్యార్థుల్లో పాతికమందికి ఒక్కడు మన పిల్లవాడు, పి.జి.కి వచ్చేసరికి యాభైమందికి ఒక్కడు. డిగ్రీలు ఎక్కువై బాధపడే జబ్బు కొందరికి వుండవచ్చు. మనకున్నది అసలు లేని జబ్బు.

మన జిల్లా పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. కర్నూలులో పుట్టిన డాక్టర్ అబ్దుల్ హక్ గారు మద్రాసులో పెద్ద పదవులు చేసి, తిరిగి తన ఊరిని గుర్తుపెట్టుకుని 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టించారు. దేశం రెండు ముక్కలై, మనవాళ్లు ఏమవుతుందోనని బిక్కుబిక్కుమంటున్న సంవత్సరం అది. ఆ సంవత్సరంలో ఆ మహానుభావుడు కాలేజీ గోడలు లేపాడు. ఇప్పుడు ఆయన పేరుతో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వుంది, 2016లో వచ్చింది.

ఇక శ్రీశైలం దగ్గరి మాట. మనలో చాలామందికి ఆస్తి అంటే ఒక చిన్న కొట్టు. గాజులు, బొమ్మలు, సంచులు, టీ. "కొట్టు వుంది, పిల్లవాడికి చదువెందుకు?" అన్న మాట ఇక్కడ ప్రతి ఇంట్లో విన్నదే. దేవస్థానం దుకాణాల సంగతి మీకు తెలుసు. హిందువులు కానివారు దేవస్థానం దుకాణాల వేలంలో పాల్గొనరాదని 2015లో జీవో 425 వచ్చింది. 2019లో హైకోర్టు దాన్ని సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, మతం ఒక్కటే కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజు నుంచి తప్పించరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలు మాట్లాడడానికి నేను రాలేదు. కానీ ఆ ఆరేళ్లలో, కొట్టు తప్ప ఇంకొకటి లేని ఇళ్లలో ఎంతమందికి నిద్రపట్టలేదో నేను చూశాను. తాత ఇచ్చిన కొట్టు శాశ్వతమనుకున్నాం. ఆ కొట్టు కూడా ఒక కాగితం మీద ఆధారపడి వుందని అప్పుడు తెలిసింది.

ఈ కొండ కింది నీళ్లకే ఆ సంగతి తెలుసు. 1963లో డ్యాముకు పునాది పడింది. 1981లో నీళ్లు నిలిపేసరికి కృష్ణ ఒడ్డున వందకు పైగా ఊళ్లు మునిగిపోయాయి. నిర్వాసితుల ఇళ్లవాళ్లకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. దానికోసం ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను నేను ఎరుగుదును. మునగని భూమి లేదు, పోని కొట్టు లేదు. తలలో వున్నది, చేతిలో వున్న పని – ఈ రెండే మూట కట్టుకుని తీసుకుపోగలిగినవి.

పవర్‌హౌస్‌లో నేను నేర్చుకున్నది

1982లో కుడిగట్టు పవర్‌హౌస్‌లో మొదటి యూనిట్ తిరిగింది. ఒక్కొక్కటి 110 మెగావాట్లు, ఏడు యూనిట్లు, మొత్తం 770. ఆఖరి యూనిట్ 1987లో వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ పని చేసినవాళ్లకు తెలుసు, డిగ్రీ చదివిన ఇంజనీరు నక్షా చూసి చెప్పాలి, ఐ.టి.ఐ. చదివిన నేను లోపలికి దిగి బిగించాలి. ఆయన లేకపోతే నాకు ఎక్కడ బిగించాలో తెలియదు. నేను లేకపోతే ఆయన నక్షా కాగితమే. ఒకరికొకరం కావలసినవాళ్లం.

అయితే ఇంకొక నిజం దాచను. నాకు పని నేర్పే అవకాశం వచ్చిన కుర్రవాళ్లు డిగ్రీతో వచ్చి, పదేళ్లలో నాకు పైఅధికారులయ్యారు. వాళ్ల తప్పు లేదు, రూల్సు అట్లా వున్నాయి. చేతిపని నాకు ఉద్యోగంలో చేరే తలుపు తెరిచింది. డిగ్రీ లేకపోవడం నా నెత్తిన కప్పు వేసింది. నేను కడదాకా ఆ కప్పు కిందే పనిచేశాను. ఆ బాధే నా చేత ఒక తప్పు చేయించింది. ఇప్పుడు చెప్పబోయేది అదే.

నా ఇంటి కథ

నాకొక కొడుకు, ఒక కూతురు. కొడుకు పెద్దవాడు. చిన్నప్పటి నుంచి వాడి చేతికి స్క్రూడ్రైవరు ఇస్తే చాలు, ఫ్యాను విప్పి మళ్లీ బిగించేవాడు. వేసవి సెలవుల్లో నంద్యాలలో మా బావమరిది దగ్గర మోటారు వైండింగు నేర్చుకున్నాడు. వాడికి లెక్కలంటే భయం. ఇంటర్ అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. ఎంసెట్ ర్యాంకు ఎక్కడో వచ్చింది.

2010 సంవత్సరం అది. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి రెండేళ్లయింది. 2007 చట్టంతో మనలో వెనుకబడిన వర్గాలకు బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కూడా వచ్చింది. అది కోర్టులో వుండగానే 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. కన్వీనర్ కోటాలో సివిల్ సీటు వచ్చేట్టుంది. నేను వినలేదు. "కంప్యూటర్సే కావాలి, నా కొడుకు ఏ.సి. రూములో కూర్చోవాలి" అన్నాను. మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొన్నాను. ఆ కోటాకు రీయింబర్స్‌మెంటు వర్తించదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే కట్టాను.

ఫీజు, హాస్టలు, పరీక్ష ఫీజులు, రానుపోను ఖర్చులు – అన్నీ కలిసి ఆరు లక్షలు దాటింది. నంద్యాలలో నాకున్న ఐదు సెంట్ల స్థలం అమ్మాను. బ్యాక్‌లాగులు పదకొండు మిగిలాయి. నాలుగేళ్ల చదువు ఆరేళ్లయింది. ఆఖర్న ఫీజు బాకీ వుందని ఆ కాలేజీవారు ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకున్నారు. అవి విడిపించడానికి వాళ్ల అమ్మ చేతి గాజులు తాకట్టుకు పోయాయి. (అట్లా సర్టిఫికెట్లు ఆపరాదని 2018లో యు.జి.సి. స్పష్టంగా చెప్పింది. ఎవరికైనా ఈ కష్టం వస్తే మౌనంగా వుండకండి, రాతపూర్వకంగా అడగండి.)

ఇప్పుడు వాడు నంద్యాలలో సొంతంగా మోటారు వైండింగు షాపు నడుపుతున్నాడు. సోలారు పంపుసెట్లు కూడా బిగిస్తాడు. బాగానే వున్నాడు, అల్హందులిల్లాహ్. ఒక రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాత కూర్చుని వాడొక మాట అన్నాడు: "అబ్బా, ఈ పని నాకు పద్దెనిమిదేళ్లకే వచ్చు. నన్ను మళ్లీ ఈ షాపుకే తేవడానికి మీరు స్థలం అమ్మారు." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మీరు అనుకోవచ్చు, ఈ కథ ఆ తమ్ముడి పక్షాన వుంది, డిగ్రీ దండగని తేలింది గదా అని. కథ సగమే అయింది.

నా కూతురు 2013లో ఇంటర్ పాసయింది. సి.ఇ.సి. గ్రూపు. కాలేజీలో మొదటి ముగ్గురిలో వుంది. ఆత్మకూరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరతానన్నది. ఫీజు నామమాత్రం. కానీ సున్నిపెంట నుంచి రోజూ పోయిరావడం కుదరదు. దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు, రాత్రిపూట అడవి గేట్లు మూసేస్తారు. హాస్టలు కావాలి, లేకపోతే చుట్టాలింట్లో పెట్టాలి. నెలకు ఒక రెండు మూడు వేలు ఖర్చు. ఆ సమయానికి కొడుకు మూడో సంవత్సరం ఫీజు నెత్తిన వుంది. నేను, "బేటీ, ముందు అన్న చదువు కానీ. తర్వాత చూద్దాం" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టింది. రెండేళ్లకు నికా చేశాం.

2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాల ప్రకటన వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద లక్షా పాతిక వేలకు పైగా పోస్టులు. అర్జీలు ఇరవై ఒక్క లక్షలు దాటాయి. అందులో పంచాయతీ కార్యదర్శి, మహిళా పోలీసు వంటి వాటికి ఏదైనా డిగ్రీ చాలు. బి.ఎ. అయినా సరే, బి.కాం. అయినా సరే. ఆ ఏడాదే వచ్చిన ఎనర్జీ అసిస్టెంటు పోస్టుకు ఐ.టి.ఐ. ఎలక్ట్రికల్ అర్హత. చూడండి, ఒకే సచివాలయంలో ఒక కుర్చీ డిగ్రీకి, ఒక కుర్చీ చేతిపనికి. నా కొడుక్కు నేను ఐ.టి.ఐ. చదివించి వుంటే ఒక కుర్చీకి, కూతురికి డిగ్రీ చదివించి వుంటే ఇంకొక కుర్చీకి అర్జీ పెట్టేవాళ్లు. ఉద్యోగం వచ్చేదా లేదా అన్నది అల్లాకే ఎరుక. అర్జీ పెట్టే అర్హత కూడా లేకుండా చేసింది మాత్రం నేను. నా కూతురితో ఇంటర్ చదివిన అమ్మాయి, మార్కుల్లో ఆమె కంటే వెనకున్న అమ్మాయి, ఆత్మకూరులో బి.ఎ. చేసింది. ఆ అమ్మాయికి వచ్చింది. మిఠాయి పట్టుకుని మా ఇంటికే మొదట వచ్చింది.

కాబట్టి నేను చెప్పేది వినండి. డిగ్రీకి ఆరు లక్షలు దండగైంది మా ఇంట్లోనే. డిగ్రీకి అరవై, డెబ్బై వేలు పెట్టక నష్టపోయిందీ మా ఇంట్లోనే. డిగ్రీ మంచిదా చెడ్డదా అని నేను ఏనాడూ అడగలేదు గదా అనుకుంటాను. ఎవరికి, ఏ డిగ్రీ, ఎంత ధరకు అని అడిగి వుండాలి. అది అడగలేదు. "కొడుకు" అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టాను.

చేరేముందు అడగవలసినవి

అనుభవం మీద నాలుగు మాటలు చెప్తాను. పిల్లలు, తల్లిదండ్రులు కలిసి కూర్చుని మాట్లాడుకోండి.

ఒకటి – సీటు ఏ కోటాలో? కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఫీజు భారం ప్రభుత్వ పథకం మీద చాలావరకు పోతుంది. ర్యాంకు రాలేదని సీటు కొనడమంటే, పరీక్ష చెప్పిన మాట వినకుండా డబ్బుతో దాని నోరు మూయడం. తర్వాత ఆ నోరు బ్యాక్‌లాగుల రూపంలో తెరుచుకుంటుంది.

రెండు – పథకాన్ని నమ్ముకుని పూర్తిగా ఖాళీ చేతులతో దూకకండి. పథకాలు మారుతుంటాయి. ప్రైవేటు కాలేజీల్లో పి.జి.కి రీయింబర్స్‌మెంటును 2020 డిసెంబరులో ఆపారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపేసింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు వచ్చే మైనారిటీ స్కాలర్‌షిప్పు కూడా అదే ఏడాది పోయింది. కాబట్టి డబ్బు ఆలస్యమైతే ఆరు నెలలు ఎట్లా నెట్టుకొస్తామో ముందే అనుకోండి.

మూడు – మధ్యలో ఆగితే చేతిలో ఏం మిగులుతుంది? బి.టెక్. రెండో ఏడాదిలో మానేస్తే ఏమీ మిగలదు, బాకీ తప్ప. పది తర్వాత పాలిసెట్ రాసి నంద్యాల ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి చోట మూడేళ్ల డిప్లొమా చేస్తే చేతిలో ఒక అర్హత వుంటుంది. ఇష్టముంటే ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. లేనివాడికి మెట్లు మెట్లుగా ఎక్కే దారే మంచిది. పది మంచి మార్కులతో పాసైన పల్లె పిల్లలకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వుంది. 2008 నుంచి నడుస్తోంది. పదో తరగతి మార్కుల మీదే సీటు. ఆ అర్జీ సంగతి మన ఇళ్లలో సగం మందికి తెలియదు.

నాలుగు – కాలేజీ గురించి బోర్డు చూసి, బస్సు వెనక ఫొటోలు చూసి నమ్మకండి. గేటు దగ్గర టీకొట్టులో కూర్చుని ఆఖరి ఏడాది పిల్లల్ని అడగండి. క్లాసులు జరుగుతాయా? ల్యాబ్ తాళం తీస్తారా? పోయిన ఏడాది ఎంతమంది పాసయ్యారు? సగం రోజు పని పోతుంది, పోనివ్వండి. లక్షలు మిగులుతాయి.

అప్పు చేయవలసి వస్తే వడ్డీవ్యాపారి దగ్గరికి పోకముందు బ్యాంకు విద్యారుణం సంగతి అడగండి. నాలుగు లక్షల దాకా తాకట్టు అడగరాదన్నది నియమం. వడ్డీ గురించి మనలో వున్న పట్టింపు నాకు తెలుసు. అది ఎవరి మనసు వారిది, పెద్దల్ని అడిగి చేయండి. వడ్డీ లేని దారి మనమే చూపించగలిగితే ఇంకా మంచిది. ఆ మాటకే వస్తున్నాను.

ఆడపిల్లల మాట

ఆడపిల్లకు డిగ్రీ చదివిస్తే దానికి తగ్గ అబ్బాయి దొరకడని, దొరికినా ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కువని ఒక మాట మన ఇళ్లలో తిరుగుతుంటుంది. అబద్ధమని చెప్పను. మన మగపిల్లలు పదికి, ఇంటర్‌కు మానేసి పనుల్లోకి పోతున్నారు. ఆడపిల్లలు కూర్చుని చదువుతున్నారు. ఆ తేడా నిజం. కానీ దానికి మందు ఆడపిల్లను ఆపడం కాదు గదా! ఎదిగిన కొమ్మను నరికి పక్క కొమ్మతో సమం చేసినట్టుంటుంది. రేపు ఆ ఇంట్లో భర్తకు జబ్బు చేసినా, గల్ఫులో ఉద్యోగం పోయినా, ఇంకేదైనా జరగరానిది జరిగినా, పిల్లల్ని పట్టుకుని నిలబడవలసింది ఆమే. ఆనాడు ఆమె చేతిలో ఏముందన్నదే ప్రశ్న.

సంఘానికి నా మనవి

విద్యానిధి ఎట్లా వాడాలో తేల్చేది సభ. నేను మనవి మాత్రం చేసుకుంటాను.

మేనేజ్‌మెంట్ సీట్ల ఫీజులకు మన నిధి నుంచి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ప్రభుత్వ కాలేజీలో చేరిన పిల్లల హాస్టలు, బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజులకు ఇద్దాం. మన పిల్లలు ఆగిపోతున్నది పెద్ద ఫీజుల దగ్గర కాదు, ఈ చిల్లర ఖర్చుల దగ్గర. ఐ.టి.ఐ. చదివే పిల్లవాడి పనిముట్ల పెట్టెను, బి.ఎ. చదివే పిల్ల పుస్తకాలను ఒకే కంటితో చూద్దాం. ఇచ్చేది సగం ఆడపిల్లలకు పోవాలని రాసిపెట్టుకుందాం. వీలైనచోట వడ్డీ లేని కర్జ్‌గా ఇద్దాం. సంపాదన మొదలయ్యాక వాళ్లు తిరిగి కడితే తర్వాతి పిల్లలకు పనికొస్తుంది. ప్రతి జూన్ నెలలో మన ఆఫీసులో ఒక బల్ల వేసి, కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆన్‌లైన్ అర్జీలు చేసిపెట్టే ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెడదాం. గడువు దాటిపోయి ఆగిన చదువులు నేను చాలా చూశాను. దానికి డబ్బు కూడా అక్కరలేదు, మనిషి కావాలి.

ఆఖరుగా ఒక మాట. నా కూతురు ఈ సభలోనే ఆడవాళ్ల వైపు వెనక వరుసలో కూర్చుని వుంది. అల్లుడుగారి ప్రోత్సాహంతో దూరవిద్యలో చేరి, ఇద్దరు పిల్లల్ని సాకుతూ 2023లో బి.ఎ. పూర్తి చేసింది. ఆ ఫీజు కడతానని నేను పోతే, "వద్దు అబ్బా, నా కుట్టు డబ్బులున్నాయి" అన్నది. ఇంకా ఉద్యోగం లేదు. ఇంట్లో పదిహేనుమంది పిల్లలకు ట్యూషను చెప్తుంది. వాళ్లలో ముగ్గురు ఈ ఏడాది ఇంటర్‌కు పోతున్నారు; వాళ్ల ఇళ్లలో ఇంటర్ గడప తొక్కిన మొదటివాళ్లు ఆ ముగ్గురే. ఆమె డిగ్రీకి ఫలమెంతని నన్నెవరైనా అడిగితే, రూపాయల్లో చెప్పడం నాకింకా రాలేదు.

బేటీ, ఆ రోజు "తర్వాత చూద్దాం" అన్నాను. నలుగురిలో ఒప్పుకుంటున్నాను, అది నా తప్పు. ఇక్కడ కూర్చున్న తండ్రులెవరూ తమ బిడ్డతో ఆ మాట అనకుండా వుంటే, నా ఐదు సెంట్ల స్థలం ఊరికే పోలేదనుకుంటాను.

 బయట భోజనాలు సిద్ధంగా వున్నాయంటున్నారు. నంద్యాల బస్సు పట్టుకోవలసినవాళ్లు ముందు కూర్చోండి, రాత్రికి గేటు మూసేస్తారు. వస్సలామ్.